వేసవి నాటక శిబిరం: 32 మంది పిల్లలకూ పని ఉండే నాటకం ఎలా?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను, మిగతావారికీ తెలుస్తుంది. రాజమహేంద్రవరంలో మీరూ మీ తోటి ఉపాధ్యాయురాలూ కలిసి మే నెలలో నాలుగు వారాల నాటక శిబిరం పెట్టాలనుకుంటున్నారు. ఎనిమిది నుంచి పదిహేనేళ్ల పిల్లలు 32 మంది పేర్లిచ్చారు. వారిలో చాలామంది తెలుగు చక్కగా మాట్లాడతారు కానీ చదవడానికి తడుముకుంటారు. ఆఖరి రోజున తల్లిదండ్రుల ముందు నాటకం వేయాలి. పౌరాణికం మంచిదా, సాంఘికం మంచిదా, ఇంతమందికి పాత్రలు ఎలా సరిపెట్టాలి అని మీ సందేహం.

పాత్రల సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే శిబిరం బాగోగులు చాలావరకు అక్కడే తేలిపోతాయి. అయిదారు పాత్రల నాటకాన్ని ఎంచుకున్నారంటే ఆ రోజునే పాతికమందిని శిబిరం నుంచి పంపేసినట్టే. వాళ్లు రోజూ వస్తారు, గోడకు ఆనుకుని కూర్చుంటారు, తమ వంతు కోసం ఎదురుచూస్తారు. వంతు వచ్చాక చెట్టుగానో ద్వారపాలకుడిగానో కాసేపు నిలబడి వెళ్లిపోతారు. ప్రధాన పాత్ర దొరికిన పిల్లవాడి ఇంట్లో సంబరం, మిగతా ఇళ్లలో చిన్నబుచ్చుకోవడం. పిల్లల మధ్య పోలికలు పెరుగుతాయి. నాటకం నేర్పవలసిన మొదటి గుణం పదిమందితో కలిసి ఒక పని చేయడం. ఈ పద్ధతిలో అదే పోతుంది.

దీనికి విరుగుడు మన ప్రదర్శన కళల్లో ఎప్పటినుంచో ఉంది. అదే వంత. బుర్రకథలో కథకుడు ఒక్కడే కనిపించినా, అటూ ఇటూ నిలబడే ఇద్దరు వంతలు లేకపోతే కథ ఒక్క అడుగు ముందుకు పడదు. ఒకరు హాస్యం పండిస్తారు, మరొకరు కథను ఈనాటి లోకంతో ముడిపెట్టి మాట్లాడతారు. కథకుడు ఊపిరి పీల్చుకునే వ్యవధిలో వాళ్లే కథను అందుకుంటారు. కూచిపూడి వారి యక్షగానంలో తెర పట్టుకునే ఇద్దరికీ పని ఉంది, పాత్రధారి ఆ తెర వెనుక నుంచే ప్రవేశ దరువుతో, అంటే పరిచయపు పాటతో, తన్ను తాను పరిచయం చేసుకుంటాడు. తోలుబొమ్మలాటలో బొమ్మ ఆడించేవారే పాడతారు, కాళ్ల కింద చెక్కలు తొక్కి చప్పుడు చేస్తారు. వీటిలో ఎక్కడా ఊరికే నిలబడే మనిషి ఉండడు. మీ నాటకాన్నీ ఇలాగే కట్టండి. అందరూ వేదిక మీదే ఉంటారు, అందరూ బృందమే. ఆ బృందంలోంచి ఒకరు అడుగు ముందుకు వేస్తే పాత్ర, వెనక్కు వేస్తే మళ్లీ వంత. ఒకే పాత్రను మూడు ఘట్టాల్లో ముగ్గురు పిల్లలు చేయవచ్చు. ఒక ఎర్ర కండువా చేతులు మారితే చాలు, పాత్ర మారిందని ప్రేక్షకులకు అర్థమైపోతుంది.

ఇందులో మీకు ఇంకో లాభం ఉంది. మే నెల పెళ్లిళ్ల నెల. మీ 32 మందిలో కనీసం పదిమంది ఏదో ఒక వారం అమ్మమ్మ ఊరికో పెళ్లికో వెళతారు, పంపనని తల్లిదండ్రులు మాట ఇచ్చినా వెళతారు. మూడో వారం వరకు ఎవరికీ పాత్ర ఖాయం చేయకుండా, ప్రతి ఘట్టాన్నీ మార్చి మార్చి అందరిచేతా చేయించండి. అప్పుడు ఎవరు రాకపోయినా అభ్యాసం ఆగదు. ఆఖరి వారంలో పాత్రలు ఖాయం చేసినా ప్రతి మాటా మరొకరికి వచ్చి ఉంటుంది.

ఇక కథ విషయం. మన ఊళ్లలో పాఠశాల వార్షికోత్సవాల అలవాటు వల్ల పిల్లల నాటకం అనగానే దుర్యోధనుడి ఏకపాత్రో, కృష్ణ రాయబారంలో ఒక ముక్కో గుర్తొస్తుంది. పద్యం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. పిల్లల నోట పద్యం నిలబడాలని గట్టిగా కోరుకునేవాడిని. కానీ నాలుగు వారాల్లో రాగం, భావం, ఉచ్చారణ మూడూ పట్టుబడవు. చివరకు రికార్డింగు విని అచ్చుగుద్దినట్టు అనుకరించడమే మిగులుతుంది. టీవీ హాస్య కార్యక్రమాల తరహా సాంఘికం ఇంకా ప్రమాదం. పిల్లలు వాటిలోని వెక్కిరింతలను, నల్లగా ఉన్నవారినీ లావుగా ఉన్నవారినీ ఎగతాళి చేసే మాటలను తెలియకుండానే తెచ్చి పెడతారు. ఆ మాటలు వేదిక మీదే ఆగిపోవు.

చిన్నవాళ్లకు, అంటే ఎనిమిది నుంచి పదకొండేళ్ల వారికి, గుంపే కథానాయకుడైన కథ ఇవ్వండి. పంచతంత్రంలోని మిత్రలాభంలో చిత్రగ్రీవుడి పావురాల కథ ఇందుకు చాలా బాగుంటుంది. నూకలకు ఆశపడి వలలో చిక్కుకున్న పావురాలన్నీ ఒక్కసారిగా ఎగిరి వలను ఎత్తుకుపోతాయి, తరువాత హిరణ్యకుడనే ఎలుక ఆ వల కొరుకుతుంది. పదిహేను మంది పిల్లలు ఒక పాత దోమతెర కింద దూరి, ఎవరూ ‘ఒకటి రెండు మూడు’ అనకుండా, ఒకరి ఊపిరి ఒకరు విని ఒకేసారి లేవాలి. ఇది రెండు రోజుల్లో వచ్చే పని కాదు, వారం పడుతుంది. వచ్చిన రోజున పిల్లల ముఖాలు చూడండి. పరమానందయ్య శిష్యులు ఏరు దాటి తమను తాము లెక్కపెట్టుకునే కథ కూడా ఇలాంటిదే. ప్రతివాడూ తనను వదిలేసి లెక్కపెడతాడు, ఒకడు పోయాడని అందరూ ఏడుస్తారు. తొమ్మిదేళ్ల పిల్లలు దీన్ని పెద్ద నటులకంటే బాగా చేస్తారు.

పన్నెండు నుంచి పదిహేనేళ్ల వారి సంగతి వేరు. వారిని పావురాలుగా ఎగరమంటే సిగ్గుపడతారు. అది మొండితనం కాదు, ఆ వయసు అలాంటిది. వారికి నిజమైన పని కావాలి. మీ ఊళ్లో ఆ పని సిద్ధంగా ఉంది. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదను కళ్లారా చూసినవారు మీ పిల్లల ఇళ్లలోనే ఉన్నారు. అప్పుడు పదేళ్లవారు ఇప్పుడు యాభైకి అటూ ఇటూ ఉంటారు. మొదటి వారంలోనే పెద్ద పిల్లలను ఇద్దరిద్దరుగా పంపండి. తాతయ్యలనో నాయనమ్మలనో పక్కింటి పెద్దవారినో అడిగి రమ్మనండి. నీళ్లు వచ్చిన రాత్రి ఏం చప్పుడు వినిపించింది? ఇంట్లోంచి ముందు ఏం బయటకు తీశారు? గేదెలను ఏం చేశారు? అన్నం ఎక్కడ తిన్నారు? ‘అప్పుడు ఎలా అనిపించింది’ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. వస్తువుల గురించి, చప్పుళ్ల గురించి, తిండి గురించి అడిగితే గంటసేపు చెబుతారు. గండి, గట్టు, లంక, రేవు వంటి మాటలు ఆ పెద్దల నోట విని పిల్లలు నోట్సులో రాసుకుని వస్తే, మీకు సగం నాటకం దొరికినట్టే. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఎవరైనా తమ మనిషిని పోగొట్టుకున్న సంగతి చెబితే వారి అనుమతి లేకుండా దాన్ని వేదిక మీదికి తేకూడదు. తెచ్చినా పేర్లు మార్చాలి.

ఒక ఉదయం పిల్లలందరినీ ఎండ ముదరకముందే ధవళేశ్వరం తీసుకెళ్లి బ్యారేజీ చూపించండి. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ప్రతి వర్షాకాలంలో మీ జిల్లా వార్తల్లో వినిపించే ఈ మూడు అంకెలే నాటకానికి వెన్నెముక అవుతాయి. పెద్ద పిల్లలు సాక్షులుగా మాట్లాడతారు, చిన్నవాళ్లు నది అవుతారు. మొదటి హెచ్చరికకు నది నేల మీద కూర్చుని గుసగుసలాడుతుంది, రెండోదానికి మోకాళ్ల మీద లేస్తుంది, మూడోదానికి నిలబడి వేదికంతా కమ్మేస్తుంది. నాలుగు పాత నూలు చీరలు చాలు. ఇలా చేస్తే 32 మందికీ మొదటినుంచి చివరిదాకా పని ఉంటుంది. పావురాల కథను ముందు పదిహేను నిమిషాలు వేసి, దాని తరువాత వరద నాటకం వేసినా బాగుంటుంది. మొత్తం నలభై నిమిషాలు దాటనివ్వకండి.

మొదటి వారం పుస్తకం తీయవద్దు, మాట నేర్పవద్దు. వినడం నేర్పండి. పిల్లల నాటకాల్లో ఎక్కువగా కనిపించే లోపం, తన మాట అయిపోగానే ఆ పిల్లవాడు దీపం ఆరినట్టు ఆగిపోవడం. ఎదుటివాడు ఏమంటున్నాడో వినడు, తన వంతు ఎప్పుడా అని పెదవులతో లెక్కపెడుతుంటాడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటక సమాజపు కుటుంబాల్లో పిల్లలు బాలకృష్ణుడిగానో ప్రహ్లాదుడిగానో వేదిక ఎక్కేసరికి, తెరల వెనుక పడుకుని ఆ నాటకాలను ఎన్నో రాత్రులు విని ఉంటారు. వారి ఆత్మవిశ్వాసానికి ఆ వినికిడే పునాది. మన పిల్లలకు ఆ వసతి లేదు కాబట్టి ఆటల ద్వారా ఇవ్వాలి. ‘వీరీ వీరీ గుమ్మడిపండు వీరి పేరేమి’ అనే పాత ఆట చాలు. కళ్లు మూసిన పిల్లవాడు అడుగుల చప్పుడును బట్టి వచ్చింది ఎవరో చెప్పాలి. రెండో రోజున వచ్చేవారు నడక మార్చుకుని రావాలి. అక్కడే నటన మొదలవుతుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరు అద్దంలో బొమ్మలా మరొకరిని అనుసరించే ఆట, అర్థంలేని భాషలో బజారులో బేరమాడే ఆట, అందరూ కళ్లు మూసుకుని రెండు నిమిషాలు విన్న చప్పుళ్లన్నీ చెప్పడం, ఇలాంటివి రోజూ గంటసేపు ఆడించండి. అమెరికాలో వయోలా స్పోలిన్ ఈ తరహా నాటక క్రీడలకు ఒక పద్ధతి ఏర్పరిచారు. 1930ల చివర్లో షికాగోలో వలస కుటుంబాల పిల్లలతో పనిచేస్తూ, భాష సరిగా రానివారు కూడా వెనకపడకుండా వాటిని తీర్చిదిద్దారు. తెలుగు చదవలేని మీ పిల్లలకు అవి పనికొచ్చే కారణం కూడా ఇదే.

చదవడం రాని సమస్యకు నేను చెప్పే మార్గం కొంచెం కష్టంగా అనిపించవచ్చు. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పిల్లలకు ఇవ్వకండి. తల్లిదండ్రులు అడిగినా, వాట్సాప్‌లో వాళ్లే అలా టైపు చేసి పంపినా ఒప్పుకోకండి. ఆ రాతలో హ్రస్వ దీర్ఘాలు పోతాయి. ‘కల’ అనవలసినవాడు ‘కాల’ అంటాడు, ‘పళ్లెం’లో ళ కాస్తా ల అవుతుంది, ‘గణపతి’లో ణ న అవుతుంది. ఒకసారి నాలుక అలా అలవాటుపడితే సరిదిద్దడానికి రెట్టింపు సమయం పడుతుంది. మాటలను ముందు చెవితో నేర్పండి. మీరు అనండి, పిల్లలు అనాలి. నోటికి వచ్చాక వారి మాటలు వారే తెలుగు అక్షరాల్లో, ఎన్ని తప్పులున్నా, నోట్సులో రాసుకోవాలి. అప్పటికే నోటికి వచ్చిన వాక్యం కాబట్టి కన్ను అక్షరాన్ని త్వరగా పట్టుకుంటుంది. శిబిరం అయ్యేసరికి చాలామంది పిల్లలు దుకాణాల బోర్డులు చదవడం మొదలుపెడతారు. ఇది నేను మళ్లీ మళ్లీ చూసిన ఫలితం.

గొంతు గురించి రెండు మాటలు. ‘గట్టిగా, ఇంకా గట్టిగా’ అని వెనుక నుంచి అరవకండి. పిల్లలు గొంతు నలిపి అరుస్తారు, నాలుగు రోజుల్లో బొంగురుపోతుంది. గది చివర ఒక పిల్లను కూర్చోబెట్టి, ఆమెకు వినపడనప్పుడు చెయ్యి ఎత్తమనండి. మాట్లాడేవాడు ఆమెతో మాట్లాడాలి, అంతే. మాట దానంతటదే సాగుతుంది. ఫ్యాన్ల చప్పుడు ఎక్కువైతే వాక్యాభ్యాసం జరిగేంతసేపు కొన్నింటిని ఆపండి. పదమూడు, పద్నాలుగేళ్ల మగపిల్లల్లో గొంతు మారే దశ ఉంటుంది. నిన్న పాడిన శ్రుతి ఈరోజు అందదు. అలాంటివారిని పద్యానికి పట్టుబట్టవద్దు, నలుగురిలో వారి గొంతు గురించి మాట్లాడనే వద్దు. డప్పో కంజిరో చేతికిచ్చి తాళం వేయించండి. పద్యం ఒకటి ఉండాలని మీకు ఆశగా ఉంటే ఒక్కటే పెట్టుకోండి, హార్మోనియం శ్రుతి తగ్గించి బృందం అంతా కలిసి పాడేలా చేయండి.

రికార్డు చేసిన మాటలకు పిల్లల చేత పెదవులు కదిలించే పద్ధతి ఇప్పుడు పాఠశాలల్లో విపరీతంగా పెరిగింది. దయచేసి ఆ దారి పట్టకండి. మాట తడబడటం, ఆగడం, పక్కవాడు అందుకోవడం, మళ్లీ సర్దుకోవడం, ఇవి నేర్చుకోవడానికే కదా పిల్లలు వచ్చింది. రికార్డు పెడితే వీటిలో ఒక్కటి కూడా జరగదు. నూటయాభై మంది పట్టే పాఠశాల హాలులో మైకు కూడా అక్కర్లేదు. అందుకే ఆనం కళాకేంద్రం లాంటి పెద్ద వేదిక కోసం ప్రయత్నించవద్దని నా సలహా. అంత వెడల్పు వేదిక మీద తొమ్మిదేళ్ల పిల్ల తప్పిపోయినట్టు కనిపిస్తుంది.

వేళలు ఉదయం ఏడు నుంచి పది వరకు ఉంచండి. పది దాటితే మే నెల ఎండలో పిల్లలు ఇంటికి చేరడమే కష్టం. రోహిణి కార్తె వచ్చేలోపే, అంటే మే 24కల్లా, ప్రదర్శన ముగిసేలా తేదీలు వేసుకోండి. సాధారణంగా ఏప్రిల్ 24 ప్రాంతంలో సెలవులు మొదలవుతాయి కాబట్టి 26, 27 తేదీల్లో ఆరంభిస్తే నాలుగు వారాలు సరిపోతాయి. పిల్లలు ఖాళీ కడుపుతో వస్తారు. ఎనిమిదిన్నరకు అరటిపండో వేరుశనగ ఉండో, గ్లాసు మజ్జిగో ఇవ్వండి. అరగంటకోసారి అందరూ నీళ్లు తాగాలి, దాహం వేసినవారు మాత్రమే కాదు. సిమెంటు నేల మీద పడటం, దొర్లడం ఉంటాయి కనుక చాపలు పరచండి. డాబా మీద అభ్యాసం వద్దు.

రెండు వయసుల వారిని మొదటి రెండు గంటలు వేరువేరు గదుల్లో ఉంచి చివరి గంట కలపండి. ఢిల్లీలో జాతీయ నాటక విద్యాలయం 1989లో మొదలుపెట్టిన సంస్కార్ రంగ్ టోలీ అనే బృందం ఎనిమిది నుంచి పదహారేళ్ల పిల్లలతో పనిచేస్తుంది, మైసూరులోని రంగాయణ అనే నాటక సంస్థలో వేసవిలో పిల్లల కోసం చిణ్ణర మేళ అనే శిబిరం జరుగుతుంది. వీలైతే మీలో ఒకరు వచ్చే ఏడాది మైసూరు వెళ్లి రెండు రోజులు చూసి రావడం మంచిది. ఈ ఏడాదికి మాత్రం మీరిద్దరే 32 మందికి చాలరు. మూడో మనిషి తప్పనిసరి, నాలుగో మనిషి ఉంటే మంచిది. డిగ్రీ చదివే విద్యార్థుల్లో నాటకం మీద ఇష్టం ఉన్నవారిని అడగండి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. నాటకం అంటే దేహంతో చేసే పని, ముట్టుకోవడం ఉంటుంది, వేషం మార్చుకోవడం ఉంటుంది. ఏ పెద్ద మనిషీ ఏ పిల్లతోనూ, ఏ పిల్లవాడితోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఎంత నమ్మకస్తుడైనా, ఎంత పేరున్న కళాకారుడైనా ఇదే నియమం. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేషం మార్చుకునే గదులు వేరుగా ఉండాలి. అక్కడ ఫోన్లు ఉండకూడదు. భంగిమ సరిచేయడానికి చెయ్యి వేసే ముందు పిల్లలను అడగాలి, లేదా మీరు చేసి చూపాలి. ‘నాకు ఇష్టం లేదు’ అని పిల్లలు అనే హక్కు గురించి మొదటి రోజే చెప్పండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమేనని మీ సహాయకులందరికీ వివరించండి. పిల్లల సహాయవాణి 1098 నంబరు గోడ మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంచండి.

బిడియపడే పిల్లల గురించి మీరు ప్రత్యేకంగా అడగలేదు, కానీ మీ 32 మందిలో తప్పక అయిదారుగురు ఉంటారు. వాళ్లను ముందుకు తోయకండి. పని అప్పగించండి. దీపాలు వేసేవారు, తెర పట్టేవారు, సామాను జాబితా చూసేవారు, మాట అందించేవారు, అందరూ నాటకం వేసేవారే. మాట అందించే పిల్లకు రెండు వారాల్లో మొత్తం నాటకం నోటికి వచ్చేస్తుంది. ఎవరో ఒకరు రాని రోజున ఆ చోటు నింపమని మామూలుగా అడగండి. చాలాసార్లు లేచి వస్తుంది. రాకపోయినా ఫరవాలేదు.

దుస్తులకు డబ్బు ఖర్చు పెట్టవద్దు. తెల్లని పైచొక్కా, తలా ఒక రంగు కండువా చాలు. అద్దె కిరీటాలు, నైలాను వేషాలు ఆ వేడిలో ఒళ్లంతా దద్దుర్లు తెప్పిస్తాయి. ముఖానికి కాటుక, కాస్త పౌడరు మించి అవసరం లేదు. రుసుము ఎంతన్నది మీ ఖర్చుల మీద ఆధారపడుతుంది కానీ, ప్రతి అయిదు చోట్లలో ఒకటి పురపాలక పాఠశాల పిల్లలకు ఉచితంగా కేటాయించండి. ఎవరు డబ్బు కట్టారో ఎవరు కట్టలేదో మీ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియకూడదు. తెలుగు బాగా చదవగలిగేవారు, వీధి ఆటలు తెలిసినవారు ఎక్కువగా ఆ పిల్లల్లోనే ఉంటారు. శిబిరానికి వారి అవసరం ఉంది.

ప్రదర్శన ఒకటి కాకుండా రెండు పెట్టుకోండి. మొదటిది చుట్టుపక్కల పిల్లల కోసం, తల్లిదండ్రులు లేకుండా. పిల్లల ముందు పిల్లలు ఆడినప్పుడు ఎక్కడ నవ్వు వస్తుందో, ఎక్కడ విసుగు పుడుతుందో నిర్మొహమాటంగా తెలుస్తుంది. మరునాడు అవి సవరించుకుని పెద్దల ముందు ఆడండి. ముఖ్య అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు అన్నీ నాటకం తరువాతే, అదీ పది నిమిషాల్లో. వేషం వేసుకున్న పిల్లలను గంటసేపు ఉక్కపోతలో కూర్చోబెట్టి పెద్దలు మాట్లాడుకోవడం చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ‘ఉత్తమ నటుడు’ బహుమతి ఇవ్వవద్దు. ఎవరైనా దాత ఇస్తానంటే ఆ డబ్బుతో పిల్లలందరికీ తలా ఒక కథల పుస్తకం కొనమనండి.

తల్లిదండ్రుల సమావేశం ఏప్రిల్ 16న పెట్టండి. కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు అది, తెలుగు నాటకరంగ దినోత్సవం కూడా. ఆయన 1880లో మీ ఊళ్లోనే తన విద్యార్థులతో నాటకం ఆడించారు, తెలుగులో ఆధునిక నాటక ప్రదర్శనకు అదే నాంది అంటారు. ఆ మాట చెబితే పిల్లల నాటకాన్ని తల్లిదండ్రులు కాలక్షేపంగా చూడరు. సమావేశంలో ప్రధాన పాత్ర ఉండదని ముందే స్పష్టంగా చెప్పేయండి, ఆ తరువాత వచ్చే సగం గొడవలు తప్పుతాయి. పిల్లల ఆరోగ్య సమస్యలు, ఫొటోలు తీయడానికి అనుమతి, ఇంటికి ఎవరు తీసుకెళతారన్నది ఒక కాగితం మీద రాయించి సంతకం చేయించుకోండి. అదే కాగితంలో మేలో వారి ఇంటి పెళ్లిళ్ల తేదీలు కూడా రాయించుకోండి. ఆ తేదీలు చూసుకున్నాకే రెండు ప్రదర్శనల రోజులు ఖాయం చేయండి.